వెలిసిపోని వర్ణము

ఛాయాచిత్రము పుట్టిన తొలిదినములలో జనులు దానిని కాలమును జయించిన కళగా భావించిరి. ఆ భ్రమ చిరకాలము నిలువలేదు. వెండి లవణములతో ముద్రించిన చిత్రములు కొన్ని యేండ్లకే పసుపుబారి వెలిసిపోసాగెను. దీనికి హేతువు విచారించుటకై 1855లో లండనులోని ఛాయాచిత్ర సంఘము ఒక ఉపసంఘమును నియమించెను. కడుగుట చాలక కాగితములో మిగిలిన హైపో ముఖ్యదోషమని తేలెను.

వెండిని విడిచి రంగునే నమ్ముట మఱియొక మార్గము. పొటాషియం డైక్రోమేటులో తడిపిన కాగితము వెలుతురునకు మాఱునని 1839లో ముంగో పాంటన్ కనుగొనెను. 1855లో ఫ్రాన్సున పొయితెవా, 1858లో ఇంగ్లండున జాన్ పౌన్సీ ఆ గుణమును చిత్రముద్రణకు వినియోగించిరి. తుమ్మజాతి బంకలో డైక్రోమేటును, రంగును కలిపి కాగితముపై పూసి, నెగటివు క్రింద ఎండకు పెట్టుదురు. వెలుతురు సోకినచోట బంక గట్టిపడును. సోకనిచోట నీటిలో కరగి, రంగుతోకూడ తొలగిపోవును.

1894లో పారిసున రూయే-లాదవేజ్ ఈ పద్ధతిని పునరుద్ధరించెను. దెమాషీ దానికి ప్రసిద్ధి తెచ్చెను. వియన్నా కెమెరా క్లబ్బునకు చెందిన క్యూన్, హెన్నెబెర్గ్, వాట్జెక్ అను మువ్వురు పొరపై పొర ముద్రించి వర్ణగాంభీర్యమును సాధించిరి. అప్పుడు ఏ రంగు నెన్నుకొనవలెనను ప్రశ్న ప్రధానమయ్యెను.

నీటిరంగులోనే బంక యుండుటచే గొట్టమునుండి తీసి కలుపుట సులభము. కాని కుంచెకు లొంగిన రంగెల్ల ముద్రకు లొంగదు. కొన్ని కాగితపు నారలో నింకి, తెల్లగా నుండవలసిన భాగములను మలినపఱచును. రంగు మితిమీఱినను అట్లే యగును. కావున బంకకు రంగును వేర్వేరు పాళ్ళలో కలిపి, కాగితముపై చుక్కలు పెట్టి, ఎండిన పిదప నీట నానబెట్టి, మరక మిగులునదేదో చూతురు. అయినను డైక్రోమేటు చేరిన పిదప రంగు నడత మాఱవచ్చును గనుక, అసలు ముద్రయే తుదిపరీక్ష.

ముద్ర చక్కగా వచ్చినంతనే పని ముగియలేదు. 1888లో రస్సెల్, ఆబ్నీ అను శాస్త్రజ్ఞులు నీటిరంగులపై వెలుతురు ప్రభావమును పరీక్షించి నివేదిక వెలువరించిరి. ఆబ్నీ ఛాయాచిత్ర శాస్త్రమునను నిష్ణాతుడు. పురుగులనుండి తీసిన కార్మైను త్వరగా వెలిసెను. ఇనుప మన్నులు నిలిచెను. తేమయు గాలియు నాశనమునకు తోడ్పడునని వారు చూపిరి. బంక రంగును పట్టియుంచును గాని రక్షింపదు. అందుచే నేటికిని తెలిసినవారు గొట్టముపైనున్న పేరును గాక వర్ణద్రవ్య సంకేతమును చదువుదురు. అలిజరిన్ క్రిమ్సన్‌కు చెందిన పి.ఆర్. 83 కనబడినచో జంకుదురు.

అజంతా గోడలపై జేగురు, పసుపుమన్ను, దీపపుమసి శతాబ్దములు నిలిచినవి. వెండి చేసిన వాగ్దానము భంగమైనపుడు ఛాయాచిత్రము ఆ పాత మన్నును మసినే శరణుజొచ్చెను.