వెల్డింగు ఫిల్మ్‌లో గ్రెయిన్

ఫొటో ఫిల్మ్ చరిత్ర అనగానే పెళ్లి ఆల్బమ్‌లే గుర్తొస్తాయి. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో మాత్రం మనుషుల ముఖాలు లేని ఫిల్మ్ గురించీ చెప్పుకోవాలి. 1960లలో చెకోస్లోవేకియా సహకారంతో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం వచ్చింది. తర్వాతి దశాబ్దంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరిగింది. టర్బైన్లు, రియాక్టర్లు, ఆవిరి పైపులు... ఒత్తిడిని ఓర్చుకోవాల్సిన వెల్డింగు అతుకు ఎక్కడున్నా దాని లోపల చూడాల్సిందే.

అందుకు వాడేది ఎక్స్‌రే, లేదంటే ఇరిడియం-192 అనే రేడియోధార్మిక సోర్స్. సుమారు 74 రోజులకు ఇరిడియం తీవ్రత సగానికి పడిపోతుంది. అతుక్కి ఒకవైపు సోర్స్, రెండోవైపు ఫిల్మ్ పెట్టి, చుట్టూ తాడు కట్టి, జనం లేని వేళ చూసుకుని షాట్ తీస్తారు. డార్క్ రూమ్‌లో కడిగాక పగులు నల్లటి గీతలా, గాలి బుడగ నల్లటి చుక్కలా తేలుతుంది. దాంతోపాటే వెండి రేణువుల గరుకుదనం, అంటే గ్రెయిన్ కూడా. వేగంగా పనిచేసే ఫిల్మ్‌లో రేణువులు పెద్దవి. పని త్వరగా తెమలాలనుకుంటే గరుకును భరించాలి.

పాత ఫిల్మ్‌లను స్కాన్ చేసి దాచుకోవడం మొదలయ్యాక, సాఫ్ట్‌వేర్‌తో ఆ గరుకును నునుపు చేయాలన్న ఆశా పుట్టింది. పాత సినిమాలకైతే కంప్యూటర్ మెరుగులు చెల్లుతాయి: హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్దిన 'మాయాబజార్' 2010లో విడుదలైంది. అక్కడ ప్రతి ఫ్రేమూ కంటికి ఇంపుగా ఉంటే చాలు. వెల్డింగు ఫిల్మ్‌కు ఆ వెసులుబాటు లేదు!

గరుకును నునుపు చేసే మీడియన్ ఫిల్టర్‌నే చూడండి. మూడు వరుసలు, మూడు నిలువుల గడిలో ఉన్న తొమ్మిది పిక్సెళ్లలో మధ్య విలువను మాత్రమే నిలుపుతుంది. గడి మధ్యగా పోయే ఒక్క పిక్సెల్ వెడల్పు పగులుకు దక్కేవి మూడే పిక్సెళ్లు. మిగతా ఆరింటిదే మెజారిటీ. గ్రెయిన్‌తో పాటు పగులూ మాయమవుతుంది. రిపేర్‌కు పంపాల్సిన అతుకు శుభ్రంగా కనిపిస్తుంది.

ఇలా పగులు మాయం కాకుండా కాపలా కొన్ని సన్నని తీగలు. షాట్ తీసేటప్పుడే అతుకు మీద పెడతారు. అంతర్జాతీయ ప్రమాణంలో ఇవి 3.2 మిల్లీమీటర్ల నుంచి 0.05 దాకా 19 మందాల్లో ఉంటాయి. ఒక్కో పట్టీలో ఏడు. ఫిల్మ్ మీద కనబడిన తీగ స్కాన్‌లో కనబడకపోతే ఆ స్కాన్ పనికిరాదు. ఫిల్మ్ స్కానర్లను పరీక్షించడానికి 2005లో ఐఎస్ఓ 14096 అనే ప్రమాణం వచ్చింది. ఫిల్మ్‌లోని చిక్కటి నలుపును చదవడం మామూలు ఆఫీసు స్కానర్ వల్ల కాదు. జాగ్రత్త తెలిసినవారు నునుపు చేసిన ప్రతిని విడిగా ఉంచుకుంటారు. తీర్పు చెప్పేది ముట్టుకోని స్కాన్‌ను, అనుమానం వస్తే అసలు ఫిల్మ్‌ను వ్యూయర్ మీద పెట్టి చూశాకే.