ఖాళీ గడి కథ

నిజం, అబద్ధం అనే రెండు విలువలతో తర్కాన్ని లెక్కగా మార్చవచ్చని 1854లో జార్జ్ బూల్ చూపారు. కంప్యూటరులోని ‘అండ్’, ‘ఆర్’, ‘నాట్’ ఆపరేటర్లు ఆ బాటలో వచ్చినవే. 1970లో ఐబీఎం శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ కాడ్ సమాచారాన్ని పట్టికలుగా అమర్చే పద్ధతిని ప్రతిపాదించారు. 1974లో అదే సంస్థకు చెందిన చాంబర్లిన్, బాయిస్ ఆ పట్టికలను ప్రశ్నించే భాషను వెల్లడించారు. అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది.

ఇందులో ‘తెలియదు’ అనే మూడో జవాబు కూడా ఉంది. మాతృభాష గడి ఖాళీగా ఉన్నవారి పేరు ‘తెలుగుకు సమానం’ అని అడిగితే రాదు. ‘తెలుగుకు సమానం కాదు’ అని అడిగినా రాదు. ‘ఈజ్ నల్’ అని విడిగా అడిగితేనే వస్తుంది. కనుక మీరు బళ్ళారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, ఫారం నింపేటప్పుడు ఆ గడిని వదలకండి. ఖాళీ గడి ఏ పక్షాన లెక్కకూ రాదు.