పథ్యం ఫలించింది, కారణం తప్పింది: దీర్ఘకాలిక జీర్ణవ్యాధులలో పిండిపదార్థాల నిషేధ చరిత్ర

వ్యాససంగ్రహం

దీర్ఘకాలిక జీర్ణవ్యాధులకు పిండిపదార్థాలను తగ్గించడమో, పూర్తిగా మాన్పించడమో చికిత్సగా భావించిన సంప్రదాయం పాశ్చాత్య వైద్యంలో 19వ శతాబ్దం చివరి నుండి స్పష్టంగా కనిపిస్తుంది. సీలియాక్ వ్యాధి చుట్టూ సాగిన ఈ ప్రయత్నాలలో పథ్యం చాలాసార్లు ఫలించింది; దానికి చెప్పిన కారణం మాత్రం తప్పని తరువాత తేలింది. శామ్యూల్ గీ మొదలుకొని సిడ్నీ హాస్, విల్లెమ్ డిక్కెల మీదుగా నేటి ఫాడ్‌మ్యాప్ ఆహార విధానం వరకు ఉన్న చరిత్రను పరిశీలించి, ఉపశమనానికీ నిరూపణకూ మధ్య గల భేదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పథ్యం, గ్రహణి, సీలియాక్ వ్యాధి, స్ప్రూ, అరటిపండు, గ్లూటెన్, ఫాడ్‌మ్యాప్, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి వాడుకలో మందుకు జంటగా వచ్చే మాట పథ్యం. వైద్యుడు మందు చేతికి ఇవ్వగానే "పథ్యం ఏమిటి?" అని అడగడం నేటికీ మన ఇళ్ళలో కనిపించే అలవాటు. జీర్ణసంబంధమైన వ్యాధుల విషయంలో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం మరింత ఎక్కువ. జఠరాగ్ని మందగించి, తిన్నది పచనం కాక, విరేచనాలు విడవకుండా పట్టుకొనే స్థితిని ఆయుర్వేదం గ్రహణి అన్నది. చరకసంహిత చికిత్సాస్థానంలోని 15వ అధ్యాయం ఈ వ్యాధికి సంబంధించినదే. గ్రహణి రోగికి మజ్జిగ మేలైన ఆహారమని ఆ సంప్రదాయం చెప్పింది.

గ్రహణిని ఆధునిక వైద్యం చెప్పే ఏదో ఒక వ్యాధితో పూర్తిగా సమానమనడం సరికాదు. లక్షణాలను బట్టి పెట్టిన ఆ పేరు కిందికి వేర్వేరు కారణాలున్న అనేక వ్యాధులు రాగలవు. పాశ్చాత్య వైద్యులకూ చాలాకాలం ఇదే ఇబ్బంది ఎదురైంది. ఒకే విధంగా కనిపించే రోగులకు ఏ ఆహారం మాన్పించాలో అనుభవం చెప్పింది. ఎందుకు మాన్పించాలో చెప్పలేకపోయింది. ఒక పథ్యం రోగికి మేలు చేసినంత మాత్రాన దాని వెనుక చెప్పిన కారణం నిజమవుతుందా అన్నది ఈ చరిత్ర అంతటా వినిపించే ప్రశ్న.

2. గీ నుండి హౌలాండ్ వరకు

రోమన్ సామ్రాజ్య కాలంలో కపడోషియాకు చెందిన గ్రీకు వైద్యుడు అరెటియస్ తిన్నది అరగక, మలంతో బయటికి పోయి, శరీరం క్షీణించే వ్యాధిని వర్ణించాడు. పొట్టకు సంబంధించిన గ్రీకు పదం నుండే సీలియాక్ అనే పేరు వచ్చింది. పిల్లలలో ఈ వ్యాధిని ఆధునిక కాలంలో స్పష్టంగా వర్ణించిన ఘనత లండన్ వైద్యుడు శామ్యూల్ గీకి దక్కుతుంది. 1887లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్‌లోని పిల్లల ఆసుపత్రిలో ఆయన చేసిన ఉపన్యాసం 1888లో అచ్చయింది. పొట్ట ఉబ్బి, కాళ్ళుచేతులు చిక్కి, పాలిపోయి, ఎదుగుదల నిలిచిపోయిన పిల్లలను ఆయన అందులో వర్ణించాడు. ఈ వ్యాధి నయమయ్యేదే అయితే అది ఆహారం ద్వారానే కావాలని అభిప్రాయపడ్డాడు. పిండివంటి ఆహారాన్ని బాగా తగ్గించాలన్నాడు. అయినా రెండువైపులా కాల్చిన పలుచని రొట్టెముక్కలను మాత్రం అనుమతించాడు.

గీ ప్రస్తావించిన ఒక ఉదాహరణ గమనించదగినది. రోజూ హాలెండ్ నుండి వచ్చిన ఆల్చిప్పల మాంసం తిన్న ఒక బాలుడు బాగా కోలుకున్నాడు. వాటి కాలం ముగియగానే వ్యాధి తిరగబెట్టింది. మరుసటి ఏడు అవి దొరికినా ఆ బాలుడు వాటిని ముట్టుకోలేదు. కఠినమైన పథ్యం శాస్త్రానికి ఎంత పరీక్షో పిల్లవాడి నాలుకకూ అంతే పరీక్ష అని ఈ చిన్న ఉదంతం తెలుపుతుంది.

తరువాతి తరంలో అమెరికా వైద్యుడు క్రిస్టియన్ హెర్టర్ 1908లో ఈ పిల్లల గురించి ఒక గ్రంథం వెలువరించాడు. పేగులలోని సూక్ష్మజీవులే మూలకారణమని ఆయన భావించాడు. పిండిపదార్థాల కన్నా కొవ్వులను ఈ పిల్లలు మెరుగ్గా తట్టుకుంటారని కూడా రాశాడు. 1921లో జాన్ హౌలాండ్ ఈ స్థితిని దీర్ఘకాలం పిండిపదార్థాలు సరిపడకపోవడంగానే వర్ణించాడు. ఆయన పద్ధతిలో ఆహారం అంచెలంచెలుగా పెరుగుతుంది. పిండిపదార్థాలు అన్నిటికన్నా చివర వస్తాయి. ఇలా మూడు దశాబ్దాలలో దోషం పిండిపదార్థాలదే అన్న అభిప్రాయం స్థిరపడింది.

3. అరటిపండు పథ్యం

ఈ అభిప్రాయానికి విస్తృత ప్రచారం తెచ్చినవాడు న్యూయార్క్ పిల్లల వైద్యుడు సిడ్నీ హాస్. 1924లో ప్రచురించిన వ్యాసంలో ఆయన 10 మంది పిల్లల వివరాలు ఇచ్చాడు. వారిలో అరటిపండు పథ్యం పాటించిన 8 మంది కోలుకున్నారు. పాటించని ఇద్దరు మరణించారు. రొట్టె, బిస్కెట్లు, బంగాళాదుంపలు, ధాన్యాలన్నీ ఈ పథ్యంలో నిషిద్ధం. పండిన అరటిపండ్లు మాత్రం పుష్కలంగా తినవచ్చు. పిల్లల ప్రాణాలు తీస్తున్న వ్యాధి ఎదుట నిస్సహాయంగా నిలిచిన తల్లిదండ్రులకు ఇది గొప్ప ఆశ. దశాబ్దాల పాటు అమెరికాలో ఈ పథ్యం అమలులో ఉంది.

అయితే ఈ సిద్ధాంతంలో మొదటినుండే ఒక చిక్కు ఉంది. అరటిపండు నిండా ఉన్నవి పిండిపదార్థాలే. పిండిపదార్థాలే శత్రువులైతే అరటిపండు మందు ఎలా అయింది? పండేకొద్దీ అందులోని స్టార్చ్ చక్కెరగా మారుతుందన్న వాస్తవం దీనికి కొంత సమాధానంగా కనిపించింది. కానీ అసలు సంగతి ఈ పథ్యం అనుమతించిన దానిలో కాక నిషేధించిన దానిలో ఉంది. రొట్టెతో పాటు గోధుమ పిల్లల కంచం నుండి తొలగిపోయింది. ఆ తొలగింపే వారిని బతికించింది. కీర్తి మాత్రం అరటిపండుకు దక్కింది.

ఈ పొరపాటు వల్ల నిజమైన నష్టం జరిగింది. కారణం తెలియక గోధుమతో పాటు సరిపడే ఆహారాలనూ పిల్లలకు దూరం చేశారు. అంతకన్నా ముఖ్యంగా, కోలుకున్న పిల్లలు నయమైపోయారని భావించి వారిని తిరిగి రొట్టె తిననిచ్చారు. సీలియాక్ జీవితాంతం ఉండే వ్యాధి. పైకి లక్షణాలు కనిపించకపోయినా, గోధుమ మళ్ళీ తింటే చిన్నపేగు లోపల నష్టం కొనసాగుతుంది.

4. స్ప్రూ: ఒక తెలుగు శాస్త్రవేత్త దారి

హాస్ తన 1924 వ్యాసంలో ప్యూర్టోరికో ద్వీపాన్ని ఉదాహరణగా చూపాడు. రొట్టె ఎక్కువగా తినే పట్టణవాసులకు స్ప్రూ వ్యాధి వస్తుందని, అరటిపండ్లపై జీవించే రైతులకు రాదని పేర్కొన్నాడు. ఉష్ణమండల దేశాలలో కనిపించే స్ప్రూ, సీలియాక్ వ్యాధి పైకి ఒకేలా ఉంటాయి. రెండింటిలోనూ విరేచనాలు, రక్తహీనత, క్షీణత ఉంటాయి. కారణాలు మాత్రం వేరు. ఒకదాని అనుభవాన్ని మరొకదానికి ఆధారంగా చూపడంతో ఈ భేదం మరుగున పడింది.

ఉష్ణమండల స్ప్రూ చరిత్రలో తెలుగువారికి ప్రత్యక్ష సంబంధం ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులను ఈ వ్యాధి బలిగొన్నది. ఆయన కూడా దీని బారిన పడ్డాడు. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో బోధించి, తరువాత ఆయన అమెరికా చేరాడు. లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వంలోని పరిశోధక బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. ఆ తరువాత టామ్ స్పీస్ మొదలైన వైద్యులు క్యూబా, ప్యూర్టోరికోలలోని స్ప్రూ రోగులకు దానిని ఇవ్వగా వారికి ఆకలి పుట్టింది, రక్తం మెరుగుపడింది. అరటిపండుకు సాక్ష్యంగా హాస్ చూపిన ప్యూర్టోరికోలోనే, స్ప్రూ రోగికి లోపించిన ఒక విటమిన్ ఏదో ఇలా బయటపడింది. ఏమి మాన్పించాలన్న ప్రశ్న పక్కన ఏమి అందించాలన్న ప్రశ్న నిలిచింది.

5. దోషి పిండిపదార్థం కాదు: డిక్కె పరిశోధన

సీలియాక్ వ్యాధిలో అసలు దోషిని పట్టుకున్నవాడు హాలెండ్ వైద్యుడు విల్లెమ్ కారెల్ డిక్కె. హేగ్ నగరంలోని యూలియానా పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తూ ఆయన 1930లలోనే గోధుమ లేని ఆహారాన్ని పరీక్షించాడు. 1941లో దానిపై వ్యాసం ప్రచురించాడు. 1944-45 చలికాలంలో జర్మన్ ఆక్రమణ వల్ల హాలెండ్‌లో ఏర్పడిన కరవులో రొట్టె కరవైంది. ఈ ఆవిష్కరణ ఆ కరవు నుండి పుట్టిందని తరచుగా చెబుతారు. కాని 1941 నాటి వ్యాసం అంతకు ముందే ఉంది; కరవు ఆయన నమ్మకాన్ని బలపరచింది మాత్రమే.

డిక్కె ప్రత్యేకత ఆయన పద్ధతిలో ఉంది. కోలుకున్న పిల్లలకు గోధుమను తిరిగి ఇచ్చి, మరల మాన్పించి, వారి బరువును, మలంలోని కొవ్వును కొలిచాడు. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో గోధుమ, రై హాని చేస్తాయని, బియ్యం, మొక్కజొన్న హాని చేయవని చూపాడు. గోధుమపిండి నుండి వేరుచేసిన స్టార్చ్ కూడా హాని చేయలేదు. 1952లో బర్మింగ్‌హామ్‌లో షార్లట్ ఆండర్సన్ బృందం గోధుమపిండిలోని స్టార్చ్‌ను కడిగివేసి పరీక్షించింది. హాని మిగిలిన గ్లూటెన్‌లో ఉందని తేలింది. గ్లూటెన్ మాంసకృత్తు, పిండిపదార్థం కాదు. ఆరు దశాబ్దాల అభియోగం తప్పు చిరునామాకు చేరిందని దీనితో స్పష్టమైంది. 1950ల మధ్య నుండి చిన్నపేగు లోపలి పొరను పరిశీలించే వీలు కలగడంతో, ఈ వ్యాధిలో ఆంత్రచూషకాలు అరిగిపోతాయని కంటికి కనిపించింది.

భారతదేశంలోనూ ఈ జ్ఞానం ఉపయోగపడింది. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో సీలియాక్‌ను సూచించే ప్రతిరక్షకాలు ఉత్తర భారతంలో 1.23 శాతం మందిలో, దక్షిణ భారతంలో 0.10 శాతం మందిలో కనిపించాయి. వ్యాధికి తోడ్పడే జన్యువులు రెండు ప్రాంతాలలోనూ ఉన్నాయి. భేదం ముఖ్యంగా గోధుమ వాడకంలో ఉంది. అన్నం తినే నేల పొందిన రక్షణ ఇది.

6. మిగిలిపోయిన పథ్యం

హాస్ గ్లూటెన్ సిద్ధాంతాన్ని అంగీకరించలేదు. 1951లో తన కుమారుడు మెరిల్ హాస్‌తో కలిసి రాసిన గ్రంథంలోని విధానాన్నే సమర్థిస్తూ వచ్చాడు. ఆయన చికిత్సలో అల్సరేటివ్ కొలైటిస్ నుండి కోలుకున్న ఒక బాలిక తల్లి ఎలైన్ గొట్షాల్. ఆ అనుభవంతో ఆమె జీవరసాయన శాస్త్రం అభ్యసించి, 1987లో ఒక గ్రంథం ప్రచురించింది. ధాన్యాలు, బంగాళాదుంపలు, పంచదార మానివేసి, తేనె, పండ్లు, ఇంట్లో 24 గంటలు తోడుపెట్టిన పెరుగు తీసుకొనే ఈ నిర్దిష్ట పిండిపదార్థాల ఆహారం పేగువాపు వ్యాధుల రోగులలో ఆదరణ పొందింది.

ఈ ఆదరణను 2021లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనం పరీక్షకు పెట్టింది. క్రోన్స్ వ్యాధి గల పెద్దలలో కొందరికి ఈ ఆహారాన్ని, మిగిలినవారికి మధ్యధరా ప్రాంతపు ఆహారాన్ని నిర్దేశించారు. 6 వారాల తరువాత మొదటి వర్గంలో 46.5 శాతం, రెండవ వర్గంలో 43.5 శాతం మంది లక్షణాల నుండి ఉపశమనం పొందారు. ఈ తేడా గణాంకపరంగా లెక్కలోకి రాదు. రోగుల అనుభవం అబద్ధం కాదు. కఠినమైన నిషేధమే దానికి కారణమన్న నిర్ణయానికి మాత్రం ఇక్కడ ఆధారం దొరకలేదు.

7. తలకిందులైన ప్రశ్న

21వ శతాబ్దంలో ఈ చరిత్ర విచిత్రంగా మలుపు తిరిగింది. సీలియాక్ లేకపోయినా గోధుమ తింటే ఉబ్బరం, కడుపునొప్పి వస్తాయనే వారు పెరిగారు. నిందంతా గ్లూటెన్ మీద పడింది. మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో ఫాడ్‌మ్యాప్ అనే భావనను ప్రతిపాదించారు. చిన్నపేగులో సరిగా ఇంకక, నీటిని లాగి, పెద్దపేగులో పులిసి వాయువు పుట్టించే పొట్టి గొలుసుల పిండిపదార్థాలకు ఇది ఉమ్మడి పేరు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుధాన్యాలు, పాలు ఈ కోవలోకి వస్తాయి.

2013లో అదే విశ్వవిద్యాలయంలో, తమకు గ్లూటెన్ పడదని నమ్మిన 37 మంది ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ రోగులను పరీక్షించారు. ఫాడ్‌మ్యాప్‌లు తగ్గించగానే వారికి ఉపశమనం కలిగింది. ఆపై గ్లూటెన్ చేర్చినా ప్రత్యేక ప్రభావం కనిపించలేదు. 2018లో నార్వేలో 59 మందిపై జరిగిన పరీక్షలో బాధను పెంచింది గోధుమలోని ఫ్రక్టాన్లనే పిండిపదార్థమని, గ్లూటెన్ కాదని తేలింది. హాస్ కాలంలో మాంసకృత్తు చేసిన నేరం పిండిపదార్థంపై పడింది. ఈ కాలంలో పిండిపదార్థం చేసిన నేరం మాంసకృత్తుపై పడింది.

ఈ విధానం గీ, హాస్‌ల పథ్యాలకు భిన్నమైనది. నిషేధం కొన్ని వారాలకే పరిమితం. తరువాత ఒక్కొక్క పదార్థాన్ని తిరిగి చేర్చి, పడనిదాన్ని మాత్రమే తగ్గిస్తారు. పేగులోని మేలుచేసే సూక్ష్మజీవులకు ఫ్రక్టాన్లే ఆహారం కావడం వల్ల దీర్ఘకాల నిషేధం మంచిది కాదు. డిక్కె తన రోగులకు గోధుమను తిరిగి ఇచ్చి చూసిన పద్ధతే ఇక్కడ ప్రతి రోగికీ వర్తిస్తుంది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన ముఖ్యాంశాలు ఇవి:

- పథ్యం ఫలించడం ఒక వాస్తవం; అది ఫలించిన కారణం వేరే పరిశోధన కోరే ప్రశ్న. హాస్ మొదటిదాన్ని రెండవదానికి నిరూపణగా తీసుకున్నాడు.
- ఒకేసారి అనేక పదార్థాలు మాన్పించే పథ్యం ఉపశమనం ఇవ్వవచ్చు గాని, దోషి ఏదో చెప్పలేదు. తిరిగి ఇచ్చి చూసినప్పుడే అది తెలుస్తుంది.
- కారణం కచ్చితంగా తెలిసినకొద్దీ నిషేధం చిన్నదవుతుంది. గ్లూటెన్ బయటపడ్డాక సీలియాక్ పిల్లలకు అన్నం, బంగాళాదుంప, పంచదార తిరిగి దక్కాయి.
- సీలియాక్‌ను గుర్తించే రక్తపరీక్ష, పేగు పొర పరీక్ష గోధుమ తింటున్నప్పుడే సరైన ఫలితం ఇస్తాయి. పరీక్షకు ముందే సొంతంగా గోధుమ మానివేస్తే వ్యాధి మరుగున పడవచ్చు.

మజ్జిగ, ఆల్చిప్పలు, అరటిపండు ఒక్కొక్క కాలంలో రోగులను ఆదుకున్నాయి. వాటిని సూచించిన వైద్యుల పరిశీలన తక్కువది కాదు. అయితే రోగికి జీవితాంతం ఏది మానాలో, ఏది మానక్కరలేదో చెప్పగలిగింది కారణాన్ని వెదకిన పరిశోధనే.