సీసా ఎక్కిన చేదు, కేసు ఎక్కిన ఇప్ప

గాస్పరే కంపారి 1860లో ఇటలీలోని నోవారాలో తయారుచేసిన ఎర్రటి చేదు మద్యం ఇవాళ దేశదేశాల బార్లలో దొరుకుతుంది. అందులో ఏయే దినుసులు పడతాయో కంపెనీ చెప్పదు. అటువంటి ఇటలీ మద్యాలు చాలావాటికి చేదు నారింజ తొక్కే ప్రాణం. ఆ నారింజ పుట్టుక మాత్రం ఆసియాలో. పంపర పనస, కమలా జాతులు కలిసి పుట్టిన చెట్టు అరబ్బుల వెంట సిసిలీ చేరింది. వలస వచ్చిన చెట్టుకు అక్కడ అంత మర్యాద! మన అడవి ఇప్పకు ఆ మర్యాద దక్కలేదు.

జగిత్యాల జిల్లా ధర్మపురి దగ్గర గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ అడవులు. ఎండలు ముదిరే వేళ అక్కడ తెల్లవారేసరికి ఇప్పచెట్ల కింద లేత పసుపు పూలు రాలి ఉంటాయి. మందపాటి పూరేకు, నిండా తీపి. గోండులు ఏరుకొచ్చి ఆరబెడితే కిస్‌మిస్‌లా ముడుచుకుంటాయి. వాటిని నానబెట్టి, పులిసిన ఊటను కుండలో కాస్తే, ఆవిరి చల్లబడి చుక్కలుగా దిగేదే ఇప్పసారా. తాగడానికి ముందు దేవుళ్లకు, పెద్దలకు ధారపోసేది అదే.

సర్కార్లకు అందులో కనబడింది పన్ను. బొంబాయి ప్రభుత్వం 1892లో ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం తెచ్చింది. పువ్వు దగ్గర పెట్టుకోవడానికీ ఆంక్షలే. నిజాం రాజ్యంలో 1316 ఫసలీ సంవత్సరంలో ఆబ్కారీ (ఎక్సైజ్) చట్టం వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం తర్వాత 1993 అక్టోబర్ 1న ఉమ్మడి రాష్ట్రంలో సారానే నిషేధించారు. సంసారాలు కూల్చిన కాంట్రాక్టరు సారా మీద ఆ కోపం న్యాయమైనదే. పండక్కి కాచుకునే కుండను దానితో జమకట్టడమే నాకు మింగుడుపడదు.

కోరుట్ల, సిరిసిల్ల వైపు తాటి, ఈత కల్లుకు ఈ గతి పట్టలేదు. గీత కార్మికులకు సంఘాలున్నాయి, లైసెన్సులున్నాయి, ఊళ్లో దుకాణముంది. ఇప్ప వెనక నిలబడే అలాంటి సంఘం లేదు.

మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, ఆదివాసీ స్వయం సహాయక సంఘాలకు తయారీ, అమ్మకం అప్పగించే విధానం తెచ్చింది. మన ఉట్నూరులో ఆదివాసీ మహిళలు అదే పువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. రక్తహీనత తగ్గాలని వాటిని ఆశ్రమ పాఠశాలల పిల్లలకు పెడుతున్నారు.