దీక్షితుల ఇంటి సొత్తు

వీణ మీద ఒక్క గాంధారం. వేలు తీగను పక్కకు లాగి వదులుతోంది. స్వరం ఒకచోట నిలవడం లేదు, ఊగుతోంది. ఎదుట చిన్నస్వామి మొదలియార్ కలం ఆగిపోయింది. అయిదు గీతల మీద చుక్కలు పెట్టడం ఆయనకు కొట్టిన పిండి. కానీ ఈ ఊగే గాంధారాన్ని ఏ గీత మీద కూర్చోబెట్టాలి?

ఈ ఘట్టం నా ఊహ. మనుషులు మాత్రం నిజం. మొదలియార్ మద్రాసు సచివాలయ ఉద్యోగి. మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయాలని 1890లలో నడుం కట్టి, చివరికి కంటిచూపు పోగొట్టుకున్నారు. గుళ్లలో దేవతల మీద కట్టిన కృతుల కోసం అంత తపించినవాడు క్రైస్తవుడు కావడం నాకు ముచ్చటేస్తుంది.

వీణ వాయిస్తున్నది ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు. వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. ఈయన పుట్టింది 1839లో. అంటే ఆ గొంతు ఈయన విననే లేదు. ముత్తుస్వామి తమ్ముడు బాలస్వామి దీక్షితులు ఈ మనవణ్ణి దత్తత తీసుకుని, పాఠం చెప్పి అప్పగించిన సొత్తు ఆ కృతులు. దాన్ని బజారున పెట్టడానికి సుబ్బరామ దీక్షితులు వెనకాడారు. మొదలియార్ రాజుగారికే మొరపెట్టుకున్నారు. ఎట్టయపురం ప్రభువు చెప్పాక కాదనడం ఎలా?

సుబ్బరామ దీక్షితులు అయిదు గీతల జోలికి పోలేదు. సరిగమలను తెలుగు అక్షరాల్లోనే రాశారు. హ్రస్వమైతే ఒక అక్షరకాలం, దీర్ఘమైతే రెండు. తాళం లెక్క సగం మన గుణింతమే చూసుకుంది! ఇక ఊగే గాంధారం సంగతి. స్వరం నెత్తిన అలల గీత ఉంటే కంపితం, మూడు చుక్కలుంటే స్ఫురితం. జారుకు ఏటవాలు గీత. అది పైకి లేస్తే గొంతూ లేవాలి, దిగితే దిగాలి. అరవై దాటిన మనిషి వేళ్లకు తెలిసిన ప్రతి కదలికకూ ఇలా ఒక గుర్తు వెతుక్కుంటూ, దిద్దుకుంటూ కూర్చోవడం మాటలు కాదు.

1904లో ఎట్టయపురంలోని విద్యావిలాసినీ ముద్రాక్షరశాల నుంచి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువడింది. ముత్తుస్వామి కృతులే రెండు వందలకు పైగా ఉన్నాయి. మరో రెండేళ్లకు సుబ్బరామ దీక్షితులు పోయారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1961లో తమిళ ప్రతిని తీసుకురావడం మొదలుపెట్టేదాకా, ఆ గ్రంథం తెరవాలంటే తమిళ విద్వాంసులు తెలుగు అక్షరాలు కూడబలుక్కోవాల్సిందే.