కొలత రాయి నుంచి కంప్యూటరు దాకా

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం వారు కోరారు. కాలువల శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక నాకు తెలిసినది నీటి లెక్క ఒక్కటే. ఆ లెక్క ఎవరెవరి చేతుల మీదుగా నడిచి కంప్యూటరు దాకా వచ్చిందో, అక్కడ పెద్ద చదువుల వారికి సైతం తేలని చిక్కులేమిటో మనవి చేస్తాను.

సర్ ఆర్థర్ కాటన్ పూనికతో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. దగ్గర దగ్గర వందేళ్లు నిలిచిన ఆ కట్టకు 1952 వరదలో గండి పడింది. ఆ తరువాత 1954లో పని ప్రారంభించి 1957లో పూర్తి చేసినదే ప్రకాశం బ్యారేజీ. దానికి 70 గేట్లు. దాని కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు.

ఇంత ఆయకట్టుకూ నీరు నడిచింది మనుషుల గొలుసు మీద. లాకుల దగ్గర లస్కరు కొలత రాయి చూసి నీటిమట్టం చెప్పేవాడు. అది ఫోను మీదో, మనిషి చేతో సబ్ డివిజను ఆఫీసుకు చేరేది. గుమాస్తా రిజిస్టరులో ఎక్కించేవాడు. ఇంజనీరు గారు చూసి ఆర్డరు ఇస్తే, అది తిరిగి లస్కరుకు చేరి, అతడు చక్రం తిప్పితే గేటు కదిలేది.

నా సర్వీసు తొలి రోజుల్లో ఒక లాకు నుంచి మూడు రోజులు వరుసగా ఒకే అంకె వచ్చింది. మా హెడ్ గుమాస్తా గారు రిజిస్టరు చూసి, "పైన అన్ని లాకుల్లోనూ నీరు మారుతుంటే ఇక్కడ మాత్రం మేకు కొట్టినట్టు నిలబడుతుందా?" అని వెంటనే మనిషిని పంపించారు. లస్కరు జ్వరంతో పడుకుంటే, బదులు వచ్చినవాడు నిన్నటి అంకెనే మళ్లీ మళ్లీ చెబుతున్నాడని తేలింది. ఆయన ఇంజనీరింగు చదవలేదు. నీటి స్వభావం తెలిసినవాడు, అంతే.

ఈనాడు లస్కరు కంటి స్థానంలో సెన్సారు, ఫోను స్థానంలో ఉపగ్రహం, రిజిస్టరు స్థానంలో కంప్యూటరు, చక్రం స్థానంలో మోటారు వచ్చాయి. లెక్క చేసే యంత్రాన్నీ, బరువు మోసే యంత్రాన్నీ ఒకే కాడికి కట్టే ఈ విద్యకు 2006లో అమెరికాలో సైబర్ ఫిజికల్ సిస్టమ్స్ అని పేరు పెట్టారు. మన కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో దీని పరిశోధనకు 3,660 కోట్ల రూపాయలతో ఒక జాతీయ మిషన్‌ను ఆమోదించింది. మన కృష్ణ మీదనే, ఎగువన కర్ణాటకలో, నారాయణపూర్ ఎడమ కాలువ తూములను దూరం నుంచే కంప్యూటరుతో నడిపే ఏర్పాటు జరిగింది.

ఇంత జరిగినా చిక్కులు తీరలేదు. మొదటి చిక్కు, వచ్చిన అంకె నిజమా అన్నది. 2005 డిసెంబరు 14న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో టామ్ సాక్ అనే జలాశయంలో నీటిమట్టం కొలిచే సెన్సార్లు బిగింపు ఊడిపోయి, ఉన్న మట్టం కంటే తక్కువ చూపించాయి. కంప్యూటరు ఆ అంకెను నమ్మి పంపులను నడుపుతూనే ఉంది. నీరు కట్ట మీదుగా పొర్లి, కట్ట తెగింది. మా హెడ్ గుమాస్తా గారి ప్రశ్న అక్కడ అడిగేవారు లేకపోయారు. ఆ ప్రశ్న యంత్రమే వేసుకునేలా చేయడం ఎలాగన్నది నేటి పరిశోధకుల పెద్ద సమస్యల్లో ఒకటి.

రెండవది, ఇనుము కంప్యూటరు మాట వింటుందా అన్నది. 2021 ఆగస్టు 5న పులిచింతలలో గేట్లు ఎత్తుతుండగా 16వ గేటు కొట్టుకుపోయింది. ఆర్డరు సరైనదే కావచ్చు, లెక్కా సరైనదే కావచ్చు. తుప్పు, ఒండ్రు, అరుగుదల లెక్కలోకి రాకపోతే ఆర్డరు కాగితం మీదే ఉంటుంది.

మూడవది, లెక్కలో లేనిది ఎదురైతే ఏం చేయాలన్నది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2009 అక్టోబరులో వచ్చిన 11 లక్షల పైచిలుకును కూడా అది మించింది. ఆ ప్రవాహంలో కొట్టుకువచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లను గుద్ది విరగ్గొట్టాయి. పడవ వస్తుందని ఏ గేజి చెబుతుంది? పైగా అందరి కళ్లూ కృష్ణ క్యూసెక్కుల మీద ఉండగా, సింగ్ నగర్ ఇళ్లలోకి నీరు వచ్చింది బుడమేరు గండ్ల నుంచి. జీవితమంతా దాచుకున్న పెన్షను కాగితాలూ, సర్వీసు పత్రాలూ, పెళ్లి ఫొటోలూ తడిసి ముద్దయిన ఇళ్లు మన సభ్యులలో కూడా ఉన్నాయి. ఎక్కడ కొలవాలో నిర్ణయించడం కూడా కొలతలో భాగమే.

ఇక నాలుగవది, కరెంటూ, ఫోనూ తెగేది సరిగ్గా తుపాను రోజునే. ఆ క్షణంలో గేటు తెరుచుకుని ఉండాలా, మూసుకుని ఉండాలా అన్నది ముందుగానే ఆలోచించి పెట్టాలి. మీట దగ్గర మనిషిని తీసేసే ముందు, ఆ మనిషి చేసిన పనులన్నీ రాసుకోవాలి.

నేను యంత్రాలకు వ్యతిరేకిని కాను. అర్ధరాత్రి వానలో లాంతరు పట్టుకుని కొలత రాయి చూసిన లస్కర్ల కష్టం ఎరుగుదును. మన ఇళ్లలో కంప్యూటరు చదువు చదివిన మనవలు, మనవరాళ్లు చాలామంది ఉన్నారు. వారికి ఒక్క మాట చెప్పండి, సెలవులకు వచ్చినప్పుడు బ్యారేజీ మీద నుంచి ఒకసారి నీళ్లను చూడమని. అలాగే లాకుల మీద, కాలువల మీద పనిచేసిన సభ్యులు ఏ గట్టు ఎక్కడ బలహీనమో, ఏ తూము ఏ నెలలో మొరాయిస్తుందో తమకు తెలిసినంతా రాసి సంఘానికి పంపవలసిందిగా ప్రార్థన. మనతో పోతే ఆ సమాచారం ఏ కంప్యూటరుకూ దొరకదు.