బడిపంతులు చేతికి పోలీసు జట్టు: హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో 1950 సీజన్

హైదరాబాద్: బొంబాయిలో రోవర్స్ కప్పు, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు. దేశవాళీ ఫుట్‌బాల్‌లో ఎంతో పేరున్న ఈ రెండు ట్రోఫీలను 1950 పోటీలలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గెలుచుకున్నది. ఆ జట్టు శిక్షకునిగా సయ్యద్ అబ్దుల్ రహీం బాధ్యతలు స్వీకరించినది ఆ ఏడాదే. ఆయన పోలీసు అధికారి కారు. నగర పాఠశాలల్లో పనిచేసిన ఉపాధ్యాయుడు.

1909లో హైదరాబాద్‌లో జన్మించిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఆ విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో బోధించారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, విద్యార్థుల ఆటల బాధ్యతను కూడా చూసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1963లో మరణించే వరకు ఆ పదవిలోనే కొనసాగారు.

ఆయనకు అప్పగించిన జట్టు అనామకమైనదేమీ కాదు. అంతకు ముందు నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్ శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1943లో బెంగళూరు ఆష్ గోల్డ్ కప్పును కైవసం చేసుకున్నది. నాడు ఓడిన రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టులో ఇంగ్లండ్ క్రికెట్ దిగ్గజం డెనిస్ కాంప్టన్ కూడా ఉన్నారు. గెలుపునకు అలవాటుపడిన జట్టుకు కొత్త గురువుగా వెళ్లడం ఓడిన జట్టును చేపట్టడం కంటే ఒక విధంగా కష్టమే. ఫలితం తప్పితే నింద అంతా కొత్తవారి మీదనే పడుతుంది.

డ్యూరాండ్ విజయానికి మరో ప్రత్యేకత ఉన్నది. 1888లో సిమ్లాలో మొదలైన ఈ పోటీలను దశాబ్దాల పాటు బ్రిటిష్ సైనిక దళాల జట్లే గెలుస్తూ వచ్చాయి. 1940లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ తొలి భారతీయ విజేతగా నిలిచింది. తరువాత యుద్ధం, దేశ విభజన కారణంగా పోటీలు నిలిచిపోయి 1950లో పునఃప్రారంభమయ్యాయి. స్వాతంత్ర్యానంతరం జరిగిన ఆ తొలి డ్యూరాండ్ ఫైనల్‌లో సిటీ పోలీస్ జట్టు ఓడించినది మోహన్ బగాన్‌ను. 1948 సెప్టెంబరు సైనిక చర్య జరిగి అప్పటికి రెండేళ్లు మాత్రమే గడిచాయి. భారత యూనియన్‌లో కొత్తగా చేరిన రాజ్యం నుంచి వచ్చిన జట్టు దేశ రాజధానిలో కలకత్తా దిగ్గజాన్ని ఓడించడం చిన్న విషయం కాదు.

రహీం పద్ధతిలో కనిపించేదంతా బడిపంతులు ధోరణే. బంతిని కాలికి అంటిపెట్టుకుని ఒంటరిగా దూసుకుపోయే ఆటగాణ్ణి ప్రేక్షకులు మెచ్చుకునే రోజులవి. రహీం మాత్రం నేల మీదుగా చిన్న చిన్న పాస్‌లతో సాగే ఆటను కోరుకున్నారు. ఆ అలవాటు నాటుకొనడానికి డ్రిబ్లింగ్ నిషిద్ధమన్న నియమంతో పోటీలు జరిపించారు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నిబంధనతో కూడా పోటీలు నిర్వహించారు. కుడికాలి వాటం గల ఆటగాడు ఎడమకాలితో తడబడక తప్పదు. కొన్నాళ్లకు ఆ తడబాటే పోతుంది. ఎక్కాలు అప్పజెప్పించినట్లే ఇది కూడా. ఖర్చు లేని శిక్షణ, పైగా అప్పటి హైదరాబాద్ మైదానాలకు తగిన శిక్షణ.

రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు హైదరాబాద్‌కే దక్కింది. డ్యూరాండ్ మళ్లీ 1954లోను, 1957లోను వచ్చింది. రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో 1961లోను ఆ కప్పు దక్కింది. సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ రాష్ట్ర జట్టు సైతం 1956, 1957 పోటీలలో విజేతగా నిలిచింది.

భారత జట్టు పగ్గాలు కూడా రహీంకే అప్పగించారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన జట్టులో పోలీస్ ఆటగాళ్లు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ ఉన్నారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఘోర పరాజయం ఎదురైంది. మన ఆటగాళ్లలో పలువురు ఆనాడు ఉత్త కాళ్లతోనే ఆడారు. ఆ తరువాతనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాపై 2-1తో నెగ్గి మరో స్వర్ణం తెచ్చింది. అప్పటికే అనారోగ్యంతో ఉన్న రహీం 1963 జూన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తరువాత భారత్‌కు దక్కలేదు.

2024లో విడుదలైన హిందీ చిత్రం ‘మైదాన్’ రహీం పేరును దేశమంతటికీ గుర్తుచేసింది. అయితే చిత్రం చూపినది ప్రధానంగా భారత జట్టు శిక్షకుణ్ణి. సిటీ పోలీస్ సీజన్లు ఆ కథకు వెనుకనే ఉండిపోయాయి. ఆ గురువు ఎటువంటివారో తెలియాలంటే తులసీదాస్ బలరాం సంగతి చెప్పుకోవలసిందే. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన ఈ పేద కుర్రవానికి శిక్షణకు రావడానికి దారి ఖర్చులు ఉండేవి కావు. ఆటను మెచ్చిన రహీం అద్దె సైకిల్ కోసం రోజుకొక రూపాయి ఇచ్చి రప్పించుకునేవారు. ఆ సైకిల్ మీద వచ్చిన బలరాం 1956, 1960 ఒలింపిక్స్‌లోను, జకార్తా స్వర్ణం గెలిచిన జట్టులోను ఆడారు. 2023లో కోల్‌కతాలో మరణించారు.